కట్టెల కొట్లో మొండి బండి

పోలీసు చర్య ముగిసిన నెలకు, లాలాగూడలో జకర్యా మాస్టారు ఏడాదిగా కట్టెల కొట్లో దాచిన మోటారు సైకిలును బయటికి తీశారు. కట్టెల్లో పడుకుని అది కట్టెలాగే బిగుసుకుంది. మెకానిక్ తుకారాం తన్నీ తన్నీ అలసిపోయాడు.

“పెట్రోలు కొత్తదే పోసిన, ప్లగ్గు తుడిచిన. నిప్పురవ్వే పుడ్తలేదు సార్!”

“రేపు దీనిమీదే బెజవాడ వచ్చి, పుట్టింటి నుంచి తీసుకొస్తానని మా ఆవిడ ప్రేమమణికి ఉత్తరం రాశానయ్యా!”

“మూత తీస్తే లోపల రవ్వ పుట్టించే ముక్కనే లేదు. ఎవడు తీసిండు?”

“నేనే! రజాకార్లు ఎత్తుకుపోయినా నడవకూడదని.”

“శాబాష్! వాళ్లకు నడ్వకుండ చేస్తిరి, మీకు సుత నడుస్తలేదు. గిప్పుడు ఆ ముక్క ఏడుంది?”

“భద్రంగా ఉంటుందని ప్రేమమణి నగల పెట్టెలో పెట్టాను.”

“పెట్టె ఏడుంది?”

“ప్రేమమణితో... బెజవాడలో.”

“గట్లయితే రైలెక్కుండ్రి మాస్టర్ సాబ్! బండి లేకున్నా అమ్మ వస్తది గని, అమ్మ రాకుంటే బండి రాదు!”