గవ్వ పెట్టిన సీటు

దీవిలోని షాదీపూర్ అంగన్‌వాడీలో మిగతా పిల్లలందరూ వెళ్లిపోయారు. కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చిన తండ్రి చేతిలో టీచరు ఒక అట్టముక్క పెట్టింది. పాప గుమ్మం బయట చెప్పులు తొడుక్కుంటోంది.

"ఏంటి దీదీ ఇది? అన్నీ వంకర గీతలే. అ ఆలు ఎప్పుడు నేర్పుతారు?"

"ఉత్త గీతలు కావు భయ్యా, టికెట్టు. పిల్లలు ఓడ ఆట ఆడతారు కదా, టికెట్లు రాసిచ్చేది మీ పాపే. వేలు పెట్టి చదివింది కూడా. రాత ఇలాగే మొదలవుతాది."

"మరి లెక్కలు?"

"సీటుకో గవ్వ పెట్టి, గవ్వకో మనిషిని కూచోబెడతాది. ఒక్క సీట్లో మాత్రం ఎవర్నీ కూచోనివ్వదు."

"ఎందుకని?"

"అది వాళ్లమ్మ సీటంట. ఈ టికెట్టూ ఆమెదే. వైజాగు నుంచి ఇక్కడికి."

అతను అట్టముక్కను తిరగేశాడు. వైద్యానికి తీసుకెళ్లిన భార్యను వైజాగులోనే దహనం చేసి, ఒక్కడే ఓడ దిగి వచ్చాడు. అమ్మ ఇంకా ఆస్పత్రిలోనే ఉందని పాపకు చెప్పాడు.

"నిజం చెప్పడానికి హిమ్మత్ రావట్లేదు దీదీ... నాకు రాయలేదా టికెట్టు?"

"అడిగాను భయ్యా. నాన్నకెందుకు, అమ్మొచ్చే ఓడ కోసం జెట్టీ కాడ నిలబడి ఉంటాడుగా అంది."