ఇరవై నాలుగు మీటర్లు చాలు

సభకు పెద్దగా కూర్చున్న లారీ ఓనర్ల సంఘం అధ్యక్షులు సుబ్బయ్యన్నకు, ముఖ్య అతిథిగా వచ్చిన కంటి డాక్టరమ్మ స్వర్ణలత గారికి, ఈ చర్చి ఆవరణతో పాటు ఈ గీపెట్టే మైకును కూడా ఇచ్చిన పాస్టరు దావీదురాజు అయ్యగారికి, కల్లూరు డ్రైవరన్నలకు, నా వెనకాల మూతికి కొంగు అడ్డం పెట్టుకోని నవ్వుతాండే స్త్రీల సమాజం అక్కాచెల్లెండ్లకు, సంతోషమ్మ అనే నేను నిండు మనసుతో వందనాలు చెప్తాండా.

నేను డ్రైవరు నెహెమ్యా భార్యను. స్త్రీల కూటంలో మాట్లాడే అలవాటు ఉండాది కాబట్టి, టేపు పట్టి కొలిచేదాకా జనాన్ని కదలనీయొద్దమ్మా అని సుబ్బయ్యన్న నా చేతికి మైకిచ్చినాడు. ఏం కొలుస్తాండారో తెలీనోళ్ళు ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ఈ స్టేజీ నుంచి గేటు దిక్కు ఇరవై అయిదు మీటర్లు. టైలరు గిడ్డయ్య తెచ్చింది బట్టలు కుట్టే టేపు, అందుకని ఆలస్యం. గిడ్డయ్యా, సాగదీయొద్దప్పా, అది జాకెట్టు కాదు! (నవ్వులు)

ఇది వీడ్కోలు సభనో అభినందన సభనో నాకే తెలీదు. నా తలకాయ మీద ఫ్లెక్సీ చదవండి. 'వీడ్కోలు / అభినందన సభ. వర్తించని దానిని కొట్టివేయండి.' మా ఆయన ఆ గేటు కాడ నిలబడి, డాక్టరమ్మ తువ్వాలలో చుట్టి తెచ్చిన నంబరు పలకను చదివినాడంటే రేపు మళ్ళీ లారీ ఎక్కుతాడు. చదవలేదా, శాలువా కప్పుకోని ఇంటికొస్తాడు. రెండిటికీ కలిపి ఒకే పొట్టేలు. సుబ్బయ్యన్న ముందుచూపు అట్లాంటిది.

మొదటినుంచీ చెప్తా. లారీ లైసెన్సు మళ్ళీ రాయించుకోవల్లంటే డాక్టరు సర్టిఫికెట్టు కావల్ల. మంచి వెలుతురులో ఇరవై అయిదు మీటర్ల అవతల ఉండే బండి నంబరు చదవల్ల, ఎరుపుకూ పచ్చకూ తేడా చెప్పల్ల. ఇన్నేండ్లూ ఈ పరీక్ష సుబ్బయ్యన్న షెడ్డులోనే జరిగేది, ఎదురుగా మా ఆయన తోలే సుబ్బయ్యన్న లారీనే నిలబెట్టేవాళ్ళు. మా ఆయనకు కన్నబిడ్డ స్తుతి పుట్టినరోజు గుర్తుండదు గానీ, ఆ లారీ నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఈసారి ఈ కొత్త డాక్టరమ్మ వచ్చినారు. ఆ పొద్దు లారీ సొట్టలు తీసే టింకరింగుకు పోయి, దాని జాగాలో నీళ్ళ ట్యాంకరు ఉండాది. మా ఆయన గొంతు సవరించుకోని, వాక్యం అప్పజెప్పినట్టు, తన లారీ నంబరు గడగడా చదివేసినాడు. "ఆ బండి ఈడ లేదు కదయ్యా" అన్నారు డాక్టరమ్మ. "అట్లయితే ఈ బండికి నంబరు తప్పేసినారమ్మా, పోలీసోళ్ళు పట్టుకుంటారు పాపం" అన్నాడు. (నవ్వులు) ఏం జయపాల్, అంతగా నవ్వుతాండావు? నువ్వు కూడా ఆ లారీని చదివి పాసైనోడివే గదా!

రంగుల పరీక్ష ఇంకా ఘోరం. ఎర్ర టమోటా చూపించి ఇదేంది అంటే "కర్నూలు" అన్నాడు. పచ్చిది చూపిస్తే "మద్రాసు" అన్నాడు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, కండ్ల సంగతి తర్వాత, ముందు తలకాయ చూపించమ్మా అన్నారు. నేను విడమరిచి చెప్పల్సి వచ్చింది. పత్తికొండ మార్కెట్టులో పండినకాయ దగ్గరూరికి పోతాది, పచ్చికాయ దూరమూరికి పోతాది, దారిలో మాగుతాది. ఆయన కంటికి రంగులన్నీ ఊర్లే. పాపం, ఆ ఒక్కదాంట్లో పాస్ చేసినారు.

నంబరు చదవలేదు కాబట్టి సుబ్బయ్యన్న వీడ్కోలు సభ పెట్టి, ఫ్లెక్సీకీ పొట్టేలుకూ చెప్పేసినాడు. డాక్టరమ్మేమో కండ్లల్లో పొర వచ్చింది, ఆపరేషను చేస్తే పోతాదన్నారు. ఈయన ఒప్పుకుంటే గదా! పొర కాదంట, లారీ అద్దానికి మంచు పట్టిందంట. ఎండాకాలం కర్నూల్లో మంచు! అంతకుముందే వైపర్లు మార్పించి, అవి చాలక సుబ్బయ్యన్న చేత ముందరి అద్దమే కొత్తది వేయించినాడు. ఒక పొద్దు కాఫీ ఇస్తే గ్లాసుకు కూడా మంచు పట్టిందన్నాడు. దీనికీ వైపర్లు వేయిద్దామా అన్నా. చొక్కా వేసుకోని ఆస్పత్రికి బయల్దేరినాడు. ఆపరేషను బాగా జరిగింది. పొట్టేలుకు ఇచ్చిన అడ్వాన్సు మాత్రం వెనక్కి రాలేదు. అందుకే ఈ సభ. (చప్పట్లు)

అప్పా గిడ్డయ్యా, యాడిదాకా వచ్చినావు? సగమేనా? సరే.

లైసెన్సు లేక ఆయన ఇంట్లో ఉన్న నెలలు నేనెట్లా మరుస్తా. నీళ్ళ బిందె ఎత్తుకోని వస్తాంటే "రానీ, రానీ, లెఫ్టు కొట్టు, ఆఁ, హోల్డాన్!" అనేవాడు. వంటింట్లోకి కోడి వస్తే నోటితో హారను కొట్టేవాడు. కుర్చీ రోడ్డు దిక్కు వేసుకోని, శబ్దం విని అది ఎవరి బండో చెప్పేవాడు. మొదట్లో నవ్వొచ్చేది. రానురాను అన్నం తగ్గించినాడు, ఆ కుర్చీలోనే కూర్చొని చిన్నగా అయిపోయినాడు. అయినా నాకు సంతోషమే. తప్పనుకోండి, ఒప్పనుకోండి. పెండ్లయినప్పటినుంచీ ఆయన్ని నేను ఫోనులోనే పెంచి పోషించినా. వాన పడితే యాడుండావు, బ్రేకు బాగుండాదా, తిన్నావా. ఆ నెలలు ఒక్కసారి కూడా ఫోను దిక్కు చూడకుండా నిద్రపోయినా.

అయ్యగారూ, ఇది చర్చి ఆవరణ, అబద్ధమాడకూడదు. ఆపరేషను ముందు మీరందరూ మా ఆయన కండ్లకోసం ప్రార్థన చేస్తిరి గదా, అందరికన్నా గట్టిగా ఆమేన్ అనింది నేనే. లోపల మాత్రం ఇంకొక ముక్క కలుపుకున్నా. ప్రభువా, చూపు ఇయ్యి, శానా వద్దు, ఇరవై నాలుగు మీటర్లు చాలు. నన్ను చూసేకి అది చాలు.

టేపు గేటు కాడికి చేరింది. డ్రైవరన్నలారా, ఎవురూ సైగలు చేయొద్దు, దగ్గొద్దు. డాక్టరమ్మా, నా పక్కకొచ్చి ఆ తువ్వాల తీయండి. ఏమయ్యా, ఈ దిక్కు చూడు, నిదానంగా చదువు.

(గేటు దగ్గరినుంచి కేక: "సంతోషమ్మా! ఏమిటికి ఏడుస్తాండావు?")

...నేనేడ్చడం లేదు. దుమ్ము పడింది. నువ్వు నంబరు చదువు.

("చదువుతాలే! ముందు కండ్లు తుడుచుకో. ఎడం పక్కది, ఇంకా కారతాండాది!")

(సభ లేచి చప్పట్లు. నంబరు చదివిన శబ్దం చప్పట్లలో కలిసిపోయింది. డాక్టరమ్మ తల ఊపినారు.)

కూర్చోండప్పా, కూర్చోండి. డాక్టరమ్మ సంతకం పెడతాండారు. ఆ చేతికి నా వందనాలు, కోపంగా ఉండాది గానీ వందనాలే. సుబ్బయ్యన్నకు, అయ్యగారికి, ఓపిగ్గా కూర్చున్న మీకందరికీ వందనాలు. పొట్టేలు కూర చల్లారకముందే తినండి. నేను ఇంటికి పోయి దారిలోకి చిత్రాన్నం చేయల్ల, ఆయన చినిగిన చొక్కా కుట్టల్ల.

గిడ్డయ్యా, ఫ్లెక్సీ మీద 'వీడ్కోలు' కొట్టేయప్పా. అది రేపు పొద్దున మా వాకిట్లో నేను చెప్పుకుంటాలే. సెలవు.