గార్డుగారిచేత తాడు లాగించిన మా తాడక్కగారు

పందొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం జూన్ పదిహేనవ తేదీన, మన సంస్థ ఇంకా రెండు అద్దె గదులలో ఇరుకుగా నడుస్తున్న కాలంలో, ఫిర్యాదుల టెలిఫోను ముందు కూర్చునే కొలువులో ఒక యువతి చేరారు. భవనాలలో విద్యుత్తు పోయినప్పుడు జనానికి బయటపడే దారి చూపే అత్యవసర దీపాలను, రోగులూ వృద్ధులూ సిబ్బందిని సహాయానికి పిలుచుకునే గంటలను అమర్చి సంరక్షించడమే నాడూ నేడూ మన వృత్తి. ఆ వృత్తికి మూడు దశాబ్దాలకు పైబడి వన్నె తెచ్చి, సేవావిభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఆ విదుషీమణిని గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం, డ్రాయింగు విభాగంలో ఉంటూ ఆమెతో నిత్యం వాదించి నిత్యం ఓడిపోయిన నాకు దక్కింది. “అసలు పేరు వేస్తే ఎవరీవిడ అని మనవాళ్ళే అడుగుతారండీ, అందరూ పిలిచేదే వేయండి” అని ఆమే సెలవిచ్చారు కనుక, తాడక్కగారనే ప్రస్తావిస్తాను.

టెలిఫోను దగ్గర ఉన్న రోజులలోనే వారి స్వభావం బయటపడింది. దీపం వెలగడం లేదని ఎవరైనా అంటే అంతటితో ఫోను పెట్టేసేవారు కారు. “కరెంటు ఉన్నప్పుడు వెలగట్లేదా, పోయినప్పుడు వెలగట్లేదా? కాస్త చూసి చెప్పండి, నేను లైన్లోనే ఉంటాను” అనేవారు. అవతలివారు విసుక్కుంటూనే వెళ్ళి చూసి వచ్చేవారు. మన మెకానిక్కు సరైన సామానుతో ఒకే ప్రయాణంలో పని ముగించుకుని వచ్చేవాడు. సాయంకాలపు తరగతులలో డిప్లొమా పూర్తిచేసి, తమను కూడా భవనాలకు పంపమని యాజమాన్యాన్ని కోరినప్పుడు, మన పెద్దమేస్త్రీగారు సందేహంగా చూశారు.

“నిచ్చెన ఎక్కగలవా అమ్మాయ్?”

“నేను ఎక్కడం సంగతి సరే మేస్త్రీగారూ, మీరు కింద గట్టిగా పట్టుకుంటారా లేదా?”

ఆ తర్వాత చాలా ఏళ్ళ పాటు, ఆయన విరమించేదాకా, ఆ నిచ్చెనను ఆయన మరొకరిచేత పట్టించలేదు.

ఆ పేరు ఎలా వచ్చిందో కొత్తగా చేరినవారికి తెలియదు గనుక చెప్పాలి. శస్త్రచికిత్సల తర్వాత మనుషులు కోలుకునే ఒక నిలయంలో, స్నానాలగదుల్లో మనం అమర్చిన, లాగితే గంట మోగే సహాయపు తాళ్ళను అక్కడివారు చక్కగా పైకి చుట్టి, భుజాల ఎత్తున ముడివేసి పెట్టారు. నేల తుడిచేటప్పుడు అడ్డమట. పైగా చూడ్డానికి బాగుండదట. నేల దాకా వేలాడితేనే ఆ తాడు వల్ల ప్రయోజనమని తాడక్కగారు నెమ్మదిగా చెప్పారు, ఉత్తరం రాశారు, మళ్ళీ వెళ్ళి చెప్పారు. చివరకు తాడో పేడో తేల్చుకోదలచి, మేనేజరుగారిని స్నానాలగదికి పిలిచి, తడి ఆరని ఆ నేల మీదే వెల్లకిలా పడుకున్నారు.

“నన్ను ఇప్పుడు జారిపడ్డ మనిషిననుకోండి. కాలు కదలదు. ఎక్కడుందండీ తాడు?”

మేనేజరుగారు పైకి చూశారు, కిందకి చూశారు. తామే ముడి విప్పారు. తాడు జారి ఆమె అరచేతిలో పడింది.

“ఇక లేవండి మేడమ్, బట్టలు తడిసిపోతున్నాయి.”

“మిగతా గదులవి కూడా విప్పించి రండి. నేను ఇక్కడే ఉంటాను, నాకేం తొందర లేదు.”

అన్ని ముడులూ విప్పాకే వారు లేచారు. ఆనాటి నుంచి మనకందరికీ తాడక్కగారయ్యారు. వారు వస్తున్నారని కబురు అందితే చాలు, ఊరిలోని స్నానాలగదుల్లో తాళ్ళు వాటంతట అవే దిగుతాయని ఒక ఛలోక్తి కూడా పుట్టింది.

అయితే తాళ్ళు దించడం కన్నా, వాటిని లాగడానికి సంకోచించే మనసులను ఒప్పించడం కష్టమని వారికి తెలియజెప్పింది ఒక వృద్ధుల నిలయం. ఒకసారి తనిఖీకి వెళ్ళినప్పుడు అక్కడి మేట్రన్‌గారు, రెండో అంతస్తులో గార్డుగారి గది గంట చెడిపోయినట్టుందనీ, అది ఎన్నడూ మోగలేదనీ చెప్పారు. పరీక్షిస్తే మంచం పక్కన నొక్కే మీటా, స్నానాలగదిలో లాగే తాడూ రెండూ నిక్షేపంలా ఉన్నాయి. రైలు గార్డుగా పనిచేసి విశ్రాంతి పొందిన ఆ గదిలోని పెద్దాయనే వాటిని ఎన్నడూ ముట్టుకోలేదు.

“ఎందుకు బాబాయిగారూ, గంటంటే భయమా?” అని అడిగారు తాడక్కగారు.

“భయం కాదమ్మా. సర్వీసంతా గొలుసు లాగినవాళ్ళని బండి దింపినవాణ్ణి. ఇప్పుడు మంచినీళ్ళకీ దుప్పటికీ నేనే లాగుతూ కూర్చుంటే ఏం మర్యాద?”

“కారణం లేకుండా లాగినవాళ్ళని కదా దింపారు. కారణం ఉంటే బండి ఆపేవారా, కాదా?”

“ఆపకపోతే గార్డునెలా అవుతాను?”

“అదే నేను అడిగేది. కారణం వచ్చిన రోజు మొహమాటపడకండి.”

“చూద్దాం” అన్నారు పెద్దాయన, బింకం సడలనివ్వకుండా.

మొహమాటం ఆ ఒక్క గదిలోనే లేదని తాడక్కగారు గ్రహించారు. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదన్న పెద్దరికంతో నొప్పిని దిగమింగుకునేవారు ప్రతి అంతస్తులోనూ ఉన్నారు. అందుచేత మేట్రన్‌గారితో ఆలోచించి ఒక పద్ధతి పెట్టారు. రోజూ పొద్దున్నే ఒక్కొక్కరూ ఒకసారి గంట నొక్కాలి. సిస్టర్ వెళ్ళి కుశలం అడిగి రావాలి. యంత్రానికి పరీక్ష జరుగుతుంది, చేతికి అలవాటవుతుంది, మనిషికి పలకరింపు దొరుకుతుంది. నిలయమంతా ఉదయాన్నే గంటలతో కళకళలాడసాగింది. గార్డుగారు మాత్రం, పలకరింపు కారణం కిందకు రాదని ససేమిరా అన్నారు. తాడక్కగారు బలవంతపెట్టలేదు.

ఆ ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం, తాడక్కగారు అక్కడే తనిఖీలో ఉండగా, కింది అంతస్తు స్విచ్చిగదిలో మంటలు లేచాయి. కరెంటు పోయింది. కిటికీలు లేని నడవాలు ఒక్కసారిగా చీకటి పడి, మరుక్షణమే మన దీపాలతో వెలిగాయి. సిబ్బంది పెద్దలందరినీ చేతులు పట్టుకుని, పొగ సోకని వెనుక మెట్ల మీదుగా వాన వెలిసిన ఆవరణలోకి చేర్చారు. గార్డుగారు మెట్లవైపు నడవడం చూశానని ఎవరో అన్నారు. అది విని మేట్రన్‌గారు అందరూ దిగారనుకున్నారు. చివరగా వెలుపలికి వస్తున్న తాడక్కగారు, బ్యాటరీ మీద నడిచే గంటల ప్యానెల్ వైపు తల తిప్పి చూశారు. ఆ గోలలో మోత ఎవరికీ వినబడలేదు గానీ, ఒక ఎర్రదీపం వెలుగుతోంది. గార్డుగారి స్నానాలగది.

“ఆయన ఎప్పుడూ లాగరు మేడమ్, వైరు కాలి వెలిగిందేమో” అంది పక్కనే ఉన్న సిస్టర్.

“వైరు గొడవైతే వరసంతా గందరగోళంగా ఉండేది. ఇదొక్కటే వెలిగింది. లాగింది మనిషే.”

వార్డులోని సహాయకుణ్ణి వెంటబెట్టుకుని, తడిబట్ట ముక్కుకు అడ్డంపెట్టుకుని, తాము అమర్చిన దీపాల వరుస వెంబడే పైకి వెళ్ళారు. మెట్లవైపు కనబడినది వేరెవరో; కరెంటు పోగానే స్నానాలగది చీకట్లో కాలు జారిన గార్డుగారు నేల మీద పక్కకు ఒరిగి ఉన్నారు. తుంటి విరిగింది, తాడు మాత్రం మణికట్టుకు చుట్టుకుని ఉంది. వారిని చూసి ఆయన మొదట అన్న మాట, ఆ సహాయకుడే నాకు చెప్పాడు:

“సకారణంగానే లాగానమ్మా.”

“తెలుసు బాబాయిగారూ. అందుకే బండి ఆపి వచ్చాం” అంటూ, ఇద్దరూ ఆయనను దుప్పటిలో పడుకోబెట్టి దింపుకొచ్చారు. ఆవరణలో ఆయనను చూసి మేట్రన్‌గారు పరుగున వచ్చి దుప్పటి అంచు అందుకున్నారు. అగ్నిమాపక దళం మంటలార్పింది. ఒక్క ప్రాణం పోలేదు. తుంటి అతుక్కుని తిరిగివచ్చిన గార్డుగారు ఆ పిమ్మట ఎన్నో ఏళ్ళు జీవించడమే కాక, అక్కడికి కొత్తగా వచ్చే ప్రతివారికీ గంట నొక్కడం నేర్పే బాధ్యతను స్వయంగా నెత్తిన వేసుకున్నారు. గార్డుగారే లాగగా లేనిది మనకేం నామోషీ అన్న ధైర్యం అందరికీ వచ్చింది.

ఆనాడు మొదలైన ఉదయపు పలకరింపు నేడు మనం సంరక్షించే నిలయాలన్నిటిలోనూ నిత్యకృత్యమైంది. పర్యవేక్షకురాలిగా, అటుపై విభాగాధిపతిగా తాడక్కగారు శిక్షణనిచ్చిన మెకానిక్కులలో పలువురు నేడు స్వయంగా శిక్షకులు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. దీపం పోయాక కూడా ఇల్లు చక్కగా ఉండాలంటారు మా తాడక్కగారు.

వారు దగ్గరుండి చేయించిన చివరి పని, మన సంస్థ ఇంతవరకూ చేపట్టినవాటిలో అతిపెద్దదైన ఆసుపత్రి. ప్రారంభానికి ముందు పరీక్షనాడు, తెరలన్నీ దించి, డాక్టర్లూ ఇంజినీర్లూ కార్మికులూ హాలులో నిండి ఉండగా, మెయిన్ స్విచ్చి వారే దించారు. మిషన్ల హోరు ఆగింది. చీకటి. రెప్పపాటులో అంతస్తు తర్వాత అంతస్తుగా, మెట్టు మెట్టునా వెలుగు నడిచివచ్చింది. బ్యాటరీతో వెలగాలని ఏర్పరచిన గడువు దాటినా ఒక్క దీపమూ తల వాల్చలేదు. చప్పట్లు ఆగలేదు. ఆమె మాత్రం చేతులు కట్టుకుని, పెళ్ళిలో కూతురిని చూసుకునే తల్లిలా, పైకప్పు వంక చూస్తూ నిలబడ్డారు.

ఈ విజయాల వెనుక, వ్యాయామ ఉపాధ్యాయులైన వారి శ్రీవారి సహనమూ, వారి అమ్మాయి ముద్దు ఫిర్యాదులూ ఉన్నాయి. “సినిమాకెళ్తే మా అమ్మ తెర చూడదండీ, తలుపు మీద ఎగ్జిట్ బోర్డు వెలుగుతోందా అని చూస్తుంది” అని అమ్మాయి నాతో వాపోయింది. ఇక తెర చూసే తీరిక వారికి లభిస్తోంది. వచ్చే నెల నుంచి దంపతులిద్దరూ ఈత నేర్చుకోబోతున్నారట. నేర్పేది వారి శ్రీవారేనట, ఎవరి మాట ఎవరు వింటారో చూడాలి.

తాడక్కగారూ, ఇన్నేళ్ళూ ఎవరు పిలిచినా పలికారు. ఇకపై మీ ఇంట మోగే ప్రతి పిలుపూ మనవల ఆటకో, మిత్రుల రాకకో, మీ శ్రీవారు కలిపిన కాఫీకో మాత్రమే కావాలనీ, మీ మోకాళ్ళు మెట్లకు జంకక, మీ చూపు మసకబారక, నూరేళ్ళూ నిండు ఆరోగ్యంతో, నవ్వుతూ, వాదిస్తూ, గెలుస్తూ ఉండాలనీ మేమందరం మనసారా కోరుకుంటున్నాము.