వెళ్లని ఫొటో

నరిన్ కొండల్లోని ఊరి ఆసుపత్రికి కొత్త ఇంటర్నెట్ కేబుల్ వచ్చింది. నిన్న తీసిన తన భార్య కాలి ఎక్స్‌రే ఫొటో, నర్సు పంపగానే రెప్పపాటులో పట్నం డాక్టరుకి చేరడం చూసి గొర్రెల కాపరి నిట్టూర్చాడు.

"ఈ స్పీడు మూడేళ్ల కిందటే ఉంటే మా ఆవిడ బురుల్చా కాలి ఎముక వంకరగా అతుక్కునేది కాదు, నర్సమ్మా."

"అప్పుడూ ఫొటో వెళ్లేదే అన్నా. గంట పట్టేది, అంతే."

"మరి నెట్ లేదన్నావు?"

"చెల్లి పెళ్లి హడావుడిలో పంపడం మర్చిపోయాను. మూడోరోజు మీ మొహం చూసి భయమేసి, తప్పు నెట్ మీదికి నెట్టేశాను."

అతను సంచీలోంచి చిన్న మూట తీశాడు.

"వదినకి నేనే వచ్చి చెప్తాను."

"వద్దు. ఆ రోజుల్లో నువ్వొక్కదానివే ఆదుకున్నావని అందరికీ చెప్పుకుంటుంది. ఇదిగో, ఈ ఎండు పెరుగుండలు నీకే పంపింది."

"ఎలా తీసుకోను అన్నా?"

"తీసుకో. తిరిగి పట్టుకెళ్తే ఎందుకని అడుగుతుంది. నాకు అబద్ధం చెప్పడం రాదు."