అత్తయ్య కారు

ఆసుపత్రి గేటు పక్కన, పాత నీలం కారుకు ఆనుకుని కోడలు నిలబడింది. ఆమె తీసుకొచ్చిన పక్కింటి గర్భిణిని అప్పుడే లోపలికి తీసుకెళ్లారు. కాపలాదారు దగ్గరకొచ్చాడు.

“కారు గుర్తుపట్టానమ్మా. పెద్దావిడ రాలేదా?”

“అత్తయ్య పోయిన నెల కన్నుమూశారు.”

“అయ్యో! ఎంత నవ్వించేవారు! మీ వీధిలో ఎవరికి బాగోకపోయినా ఆవిడే తెచ్చేవారు. ‘రోగంతో ఎక్కారయ్యా, నా డ్రైవింగుకు హడలిపోయి రోగం మర్చిపోయారు’ అనేవారు.”

“అరవై ఏళ్లకు నేర్చుకున్నారు మరి! నాకూ ఆవిడే నేర్పారు. నేను గోడకు గుద్దితే, ‘గోడే అడ్డొచ్చింది, నువ్వేం చేస్తావులే’ అన్నారు.”

“ఇవాళ ఒక్కరే నడిపారా?”

“ఆవిడ పక్కన లేకుండా ఇదే మొదటిసారి. నెల రోజులుగా తాళం ముట్టుకోలేదు. ‘అక్కా, నొప్పులు’ అని ఆ అమ్మాయి తలుపు కొట్టింది. దారంతా ఏడుస్తూనే నడిపాను. నొప్పులు పడుతూ తనే నాకు ధైర్యం చెప్పింది.”

గంట తర్వాత కాపలాదారు లోపలికెళ్లి కనుక్కుని, పరుగున వచ్చాడు.

“ఆడపిల్లమ్మా! తల్లీబిడ్డా క్షేమం. ఇంకో పావుగంట ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు డాక్టరమ్మ.”

కోడలు రెండు చేతులతో మొహం కప్పుకుని పెద్దగా నవ్వేసింది.

“ఒక్క మాటమ్మా. బండి దొరకనివాళ్ల కోసం పెద్దావిడ ఫోన్ నంబరు మా గది గోడ మీద రాసుంది. కొట్టెయ్యమంటారా?”

“ఉంచండి. దాని కిందే నాది రాయండి. పెద్ద అంకెలు వెయ్యండి, దూరం నుంచి కనబడాలి.”