రోడ్డు మీది మూలయిల్లు

బొగ్గు గనిలో ఊరు పోయినవాళ్ళకు కట్టిన కొత్త కాలనీ ఆఫీసు. ఇళ్ళు మార్చుకునే కాగితం మీద కిరాణా కొట్టు పెద్దాయన సంతకం చేసి, కలం వెల్డరు ముందుకు జరిపాడు. వెల్డరు దాన్ని ముట్టుకోలేదు.

“మెయిన్ రోడ్డు మీది మూలయిల్లు నాకిచ్చి, నా సందులో ఇల్లు నువ్వు తీసుకుంటావా బాబాయ్? నువ్వు వ్యాపారివి. ఇందులో ఏదో మెలిక ఉంది.”

“గోడలు చూసుకున్నావు, కుళాయి తిప్పి చూసుకున్నావు. ఇంకా మెలికేమిటి?”

“మరి నీ కొట్టు?”

“సందులోనే పెడతా. అమ్మకం సగానికి పడిపోతుంది, తెలుసు.”

“తెలిసి తెలిసి నష్టపోతావా?”

“పాత ఊళ్ళో నాకూ మీ పక్కింటి దర్జీకీ ముప్ఫై ఏళ్ళు ఒకటే గోడ. వాడి మిషను చప్పుడుతో నాకు తెల్లారేది, నా కొట్టు తలుపుల చప్పుడుతో వాడికి పొద్దుగూకేది. ఇక్కడ లాటరీ తీసి వాణ్ణి అటు, నన్ను ఇటు పడేశారు. రోడ్డు మీద బేరం పెరిగింది, మాట తగ్గింది. రెండూ తూచుకునే వచ్చానబ్బాయ్.”

“ఆ దర్జీ కోసమా! అయితే ముందే చెబుతున్నా, తర్వాత నన్ననొద్దు. ఆయనకి చాదస్తం. రోజూ సాయంత్రం మా గోడ మీద కొడతాడు. వెళ్ళి అడిగితే, పాత అలవాటు, ఏమనుకోకు అంటాడు.”

“ఎన్నిసార్లు కొడతాడు?”

“మూడు.”

పెద్దాయన కలం తీసి వెల్డరు చేతిలో పెట్టాడు.

“త్వరగా సంతకం పెట్టు నాయనా. ఎనిమిది నెలలుగా వాడు టీకి పిలుస్తున్నాడు, నేను పలకడం లేదు.”