టాలో వీపు మీద గడియ

కెర్రిన్‌కి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: లోపలి నుంచి తలుపు తీసుకోలేని చోట మనిషి చిక్కుకుపోవడం. ఆ శనివారం పొద్దున పదిన్నరకి, పోర్ట్ పిరీలో పాపని చంకనేసుకుని, పోర్ట్ అగస్టాలో రేపటి టాలో రోబో సినిమా రెండో భాగం టికెట్ల కోసం వరసలో నిలబడ్డ స్నేహితుడు డారెల్‌తో ఫోన్లో మాట్లాడుతోంది.

"కుడికి కాదు డారెల్, ఎడమకి. రోబో మెడ కింద గడియని సినిమాలో ఆ పిల్ల ఎడమకి తిప్పి కిందికి లాగుతుంది. ట్రైలర్లో కళ్లారా చూశాను."

"రెప్పపాటు సీను. అందులో ఏం చూశావు తల్లీ?"

"నలభైసార్లు ఆపి ఆపి చూశాను. మొదటి సినిమాలో టాలోకి తలుపు గుండె మీద ఉండేది, తనే తీసుకునేవాడు. ఇప్పుడు వెనక పెట్టారు. చెయ్యి అందదు."

"అందకూడదనే పెట్టారు. ఆగిపోవాలనిపించినప్పుడల్లా తన గుండె తనే విప్పుకుంటానంటే ఎట్లా? ఇంకొకళ్లు తియ్యాలి. రెండో భాగం కథంతా అదే. మన గ్రూపు మెర్వ్ నెల రోజులుగా చెప్తూనే ఉన్నాడుగా."

"చెప్తున్నాడు సరే, ఫోన్ ఎత్తడేం? పొద్దున్నించి ఆరుసార్లు చేశాను."

"టాలో వేషంలో ఉంటే మాట్లాడడుగా. అరవై రెండేళ్లొచ్చినా ఆ పిచ్చి..."

"వేషంలో ఉన్నాడా? ఇవాళ?"

"అంటే... ఉంటాడేమో అని."

"ఉంటాడేమోనా, ఉన్నాడా?"

"ఇదిగో, వరస కదులుతోంది. నీకు ముందు సీటా, వెనక సీటా?"

"డారెల్!"

"రేపటికి అలవాటు పడాలన్నాడు. కొత్త ఇనప కవచం కదా."

"కొత్తదా? పాతదానికి ముందే గడియ. కొత్తదానికి ఎక్కడ?"

"అబ్బ, ఇప్పుడా సంగతి ఎందుకు..."

"ఎక్కడ పెట్టాడు?"

"నువ్వు చూపించిన చోటే, మెడ కింద. నువ్వా బొమ్మ మన గ్రూపులో పెట్టిన రోజే మొదలెట్టాడు. మా కెర్రిన్ చదువు మధ్యలో మానేసింది గానీ మీ అందరికన్నా దాని కళ్లే నయం అని ఊరంతా చాటాడు కూడా."

"ఆ గడియ వెయ్యడానికి ఇంకో మనిషి కావాలి. ఎవరు వేశారు?"

"ఎవరో ఒకరు వెయ్యాలిగా మరి."

"నువ్వేనా?"

"ఎనిమిదిన్నరకి. నొక్కితే ఠక్కున పడింది. భలే కుదిరిందిలే."

"వేసి?"

"టికెట్లకి వచ్చేశాను. తోడు మనిషి లేకుండా వేషం వెయ్యకూడదని మనమే నియమం పెట్టుకున్నాం, కాదనను. కానీ పక్కింటి నోరీన్ వచ్చి తీస్తుందని ఆయనే అన్నాడు."

"నోరు విప్పి అన్నాడా?"

"అంటే... చేత్తో చూపించాడు, పక్కింటి వైపు. తలకాయ తొడుక్కున్నాక మాట బయటికి రాదుగా."

"లోపల్నుంచి అరిచినా?"

"రాదు."

"ఆ ఇనప చేతులతో ఫోను ఎత్తగలడా?"

"కెర్రిన్, అట్లా భయపెట్టకు నన్ను."

"ఆయనుండే వయాలాలో ఇప్పుడు నలభై రెండు డిగ్రీలు. ఆయన షెడ్డు రేకులది. పోయిన ఏడాది కారు తాళం పడిపోయి మా పాప నాలుగు నిమిషాలు లోపలుంటేనే కందిపోయింది. ఇది రెండు గంటలు డారెల్, రెండు గంటలు!"

"బయల్దేరుతున్నా. ఇదిగో, బయల్దేరా."

"నువ్వు చేరేసరికి గంట. పెట్టెయ్ ఫోను."

కెర్రిన్ ముందు ఆంబులెన్సుకి చెప్పింది. తర్వాత మెర్వ్ పక్కింటికి ఫోన్ చేసింది.

"నోరీన్ గారా? నేను కెర్రిన్‌ని, పిరీ నుంచి. మెర్వ్ స్నేహితురాల్ని."

"ఓ, ఆ ఇనప బొమ్మల గుంపు పిల్లవా! చెప్పమ్మా. మీ టాలో ఇవాళ మంచి ఊపు మీదున్నాడు."

"చూశారా? ఎప్పుడు?"

"తొమ్మిదింటికి, బట్టలు ఆరేస్తుంటే. కంచె దగ్గరికొచ్చి దబదబా బాదాడు. నేనూ నా బకెట్టు బాదాను. ఒకటే నవ్వు నాకు."

"గడియ తియ్యమని ముందే ఏమీ చెప్పలేదా మీకు?"

"ఏ గడియ? వెనక్కి తిరిగి మెడ చూపించాడు. కొత్తగా రంగేశాడు కాబోలనుకుని, బాగుంది బాగుంది అన్నాను."

"తర్వాత?"

"షెడ్డులోకి పోయాడు. అక్కడా కొట్టాడు చాలాసేపు. ఆపవయ్యా బాబూ అని కేకేశాను కూడా."

"ఇప్పుడు కొడుతున్నాడా?"

"ఇప్పుడా? ఉండు, కిటికీ తీస్తా... లేదమ్మా. చప్పుడు లేదు."

"నోరీన్ గారూ, అది ఆట కాదు. ఆయనంతట ఆయన బయటికి రాలేడు. ఆంబులెన్సు వస్తోంది, కానీ అందరికన్నా మీరే దగ్గర. తడి తువ్వాలు పట్టుకుని పరుగెత్తండి."

"అయ్యో దేవుడా! నాకేం తెలుసే అదెట్లా తియ్యాలో!"

"నాకు తెలుసు. మెడ కింద గడియ ఉంటుంది. కుడికి తిప్పొద్దు, ఎడమకి తిప్పి కిందికి లాగండి. నేను చెప్పానని, నా మాట నమ్మి, అచ్చం అట్లాగే చేసుకున్నాడాయన. ఫోను పెట్టెయ్యకండి. వెళ్లండమ్మా, వెళ్లి మనిషి ఎట్లా ఉన్నాడో చూడండి."